ఖాళీ సీటుకు బిల్లు

“డబ్బు సంగతి తర్వాతమ్మా. ముందు నా పక్క సీటుని ఏం చేశారో చెప్పు,” అన్నాడు పెద్దాయన, బిల్లు కాగితం కౌంటరు మీద పెడుతూ.

సర్వీస్ అడ్వైజర్‌కి నీరసం ముంచుకొచ్చింది. పేరుకే పెద్ద హోదా. కార్లు బాగు చేసేది లోపల షెడ్డులో మెకానిక్కులు, వచ్చినవాళ్ళ చేత అక్షింతలు వేయించుకునేది కౌంటరులో ఈమె. అరిచేవాళ్ళు ఆమెకు అలవాటే. కాఫీ ఇప్పించి, నాలుగు తియ్యటి మాటలు చెబితే చల్లబడతారు. ఈయన అరవడు. కారు తీసుకెళ్ళిన మర్నాటి నుంచీ రోజూ పొద్దున్నే అదే కారులో వచ్చి, అద్దాల అవతల నిలిపి, దాన్నే చూస్తూ కూర్చుంటాడు. ఆ చూపుకే ఆమెకు భయం పట్టుకుంది.

“బెల్టు పెట్టుకోకపోతే మోగే సెన్సర్ సీటు కింద ఉంటుంది సార్. సీట్లో బరువు పడితేనే అది మోగాలి. మీ పక్క సీటేమో ఎవరూ లేకపోయినా టింగుటింగుమంటోంది. అందుకని కొత్తది వేశాం.”

“నేను ఆయిల్ మార్చమని ఇచ్చాను. సీటు మోగుతోందని చెప్పానా?”

“లేదు సార్.”

“అడగని పని చేసి, కారు కొన్నంత బిల్లు వేశారు. పోనీ, తీసేసిన పాతది ఏది? చూపించు.”

ఆమె బిల్లుని తన వైపుకి లాక్కుని చూసింది. మార్చిన పాత సామాను కారు సొంతదారుకి చూపించాలన్నది వాళ్ళ షోరూము నియమం. ఈ సామాను ఆమే చూడలేదు. చూడకుండానే బిల్లు మీద సంతకం పెట్టింది.

“ఆయన కన్స్యూమర్ కోర్టుకెక్కితే ఊడేది నీ ఉద్యోగమే, సంతకం నీది కదా,” అన్నాడు మేనేజర్, తన గదిలో కంప్యూటరు మీంచి తలెత్తకుండా. “సగం తిరిగి ఇస్తామను. వినకపోతే మొత్తం ఇచ్చేస్తామను. కేసు మాత్రం పడకూడదు.”

సగం అంది. మొత్తం అంది. పెద్దాయన కుర్చీలోంచి కదల్లేదు.

“నాకు పాతది కావాలమ్మా. మీరు చెయ్యి పెట్టకముందు ఎలా ఉందో అలా.”

కోర్టులో చూపించడానికే అడుగుతున్నాడనుకుని ఆమె షెడ్డులోకి పరుగెత్తింది. సన్నగా, పొడుగ్గా ఉంటాడని అందరూ నిచ్చెన అని పిలిచే మెకానిక్ చేతులు తుడుచుకుంటున్నాడు.

“ఆ పెద్దాయన పాత సెన్సర్ ఎక్కడ పెట్టావు?”

“మారిస్తే కదక్కా పెట్టడానికి!”

“మరి కొత్తది వేశామని బిల్లు?”

“మేనేజర్ని అడుగు. అది నిక్షేపంగా ఉందక్కా. సీటు మీద చేత్తో నొక్కితే మోగుతుంది, చెయ్యి తీస్తే ఆగుతుంది. ఆయన తెచ్చినప్పుడు మోగింది గానీ, ఇక్కడున్నంతసేపూ బుద్ధిగానే ఉంది. తీసుకెళ్ళడానికి ఆయనొచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాడో లేదో, మళ్ళీ మొదలు! నావల్ల కాక వైరు పీకేశాను.”

“ఈ ముక్క ముందే ఏడవచ్చుగా!”

“చెబితే నవ్వుతారని. వైరు కావాలంటే ఇప్పుడే తగిలించి ఇస్తా. ఆ సీట్లో కూర్చోమని మాత్రం నాకు చెప్పకు, నీకో దండం.”

వైరు తగిలించాడు. అంతసేపూ నేల మీద మోకాళ్ళేశాడు గానీ సీటు మీద మోచెయ్యి కూడా ఆనించలేదు.

ఉద్యోగం పోతే పోయిందనుకుని ఆమె పెద్దాయన దగ్గరికొచ్చి ఉన్నదంతా చెప్పేసింది.

“మేం చేసింది మోసం సార్. కొత్తదేమీ వెయ్యలేదు, ఊరికే వైరు పీకారు. కేసు పెట్టినా నేను మిమ్మల్ని తప్పు పట్టను.”

“అంటే పాతదే ఉందా?” పెద్దాయన గబుక్కున లేచాడు. “నాకెందుకమ్మా కేసులు! రా, ఒకసారి నడిపి చూద్దాం.”

బయట సన్నగా వాన పడుతోంది. ఆయన ముందు పక్క సీటు తలుపు తీశాడు. వానలో తడుస్తూ కాసేపు అలాగే పట్టుకుని నిలబడి, మెల్లగా వేశాడు. ఆమె ఆ తలుపు మీద చెయ్యి వెయ్యబోతే ఆపాడు.

“నువ్వు వెనక కూర్చో తల్లీ.”

కారు కదలగానే మొదలైంది. టింగ్, టింగ్, టింగ్. ఇన్ని రోజుల్లో మొదటిసారి ఆయన నవ్వాడు.

“మా ఆవిడ ఎప్పుడూ ఇంతే. బెల్టు పెట్టుకోవే అంటే ఊపిరాడదంటుంది. ఈ పక్క వీధికే కదా అంటుంది. ఇది మోగుతుండేది, నేను తిడుతుండేవాణ్ణి, తను కిసుక్కున నవ్వుతుండేది.” గేరు మార్చాడు. “తను పోయిన రోజు కూడా పెట్టుకోలేదమ్మా. కారు ముందువైపంతా బాగు చేయించాను గానీ, ఆ సీటు మాత్రం ముట్టుకోనివ్వలేదు.”

ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. వైరు ఎక్కడో లూజై ఉంటుంది, పాపం ముసలాయన దాన్నే పట్టుకుని బతుకుతున్నాడు, దీనికా నేనింత జడిశాను అని తనను తానే తిట్టుకుంది.

అంతలో నిచ్చెన మాట గుర్తొచ్చింది. అది నిక్షేపంగా ఉందక్కా.

కారు పెద్ద రోడ్డెక్కింది. మోత ఇంకా జోరందుకుంది. ఆమె తన బెల్టుని రెండు చేతులా పట్టుకుని, ముందున్న ఖాళీ సీటు మీంచి చూపు తిప్పుకోలేకపోయింది. పెద్దాయన అద్దంలోంచి అది గమనించాడు.

“వెనక పిల్ల హడలిపోతోందే,” అన్నాడు మెల్లగా, పక్క సీటు వైపు చూసి. “ఒక్కసారైనా నా మాట విను.”

ఆయన చేతులు రెండూ స్టీరింగు మీదే ఉన్నాయి.

ఖాళీ సీటులో టక్కుమని బెల్టు పడింది.