మూడో గేరు కూత

ఓంప్రకాశ్ బండి దిగీ దిగకముందే కొట్టాడు.

హెన్రీ పెదవి చిట్లింది. ఖాకీ చొక్కా మీద రక్తం పడింది. కార్ఖానా బస్తీలో ఆ వరస మెకానిక్ షెడ్లలో మోగుతున్న సుత్తులన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

“ఏందిది? నీ గల్లీల పిల్లి లెక్క పోతది. ఇంటికి చేరేసరికి మళ్లా అదే కూత. రెండుసార్లు విప్పినవ్. పని వస్తదా, రాదా నీకు?”

హెన్రీ నోరు తుడుచుకుని వంగి బండి కింద చూశాడు. అది ఓంప్రకాశ్‌కు ఇంకా మండింది. చేతికందిన వీల్ స్పానర్ ఎత్తి గోడకున్న గాజు బోర్డును పగలగొట్టాడు. ‘గేర్‌బాక్సు శబ్దాలకు హెన్రీ’ అన్న అక్షరాలు ముక్కలై నేల మీద పడ్డాయి.

ముప్పై ఏళ్లుగా ఆ బోర్డే హెన్రీ పరువు. పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను గేర్‌బాక్సుకూ పిడిని చెవికీ ఆనించి వినేవాడు. పళ్లు అరిగితే ఒక రకం శబ్దం. బేరింగు అరిగి షాఫ్టు వెంట్రుకవాసి జరిగితే, పళ్లు సరిగ్గా కలవక ఇంకో రకం. యాక్సిలరేటర్ నొక్కితే వచ్చేది వేరు, వదిలేస్తే వచ్చేది వేరు. ఆయిల్ మరీ చిక్కగా ఉంటే, వేడెక్కి పలచబడేదాకా ఏదీ బయటికి వినపడదు. బేగంపేట ఆఫీసుల నుంచి కూడా బండ్లు ఆ చెవిని నమ్ముకుని వచ్చేవి.

ఓంప్రకాశ్ నల్లబండికి జబ్బు మూడో గేరులో ఉండేది. రెండు సందుల అవతలికి వినపడే కూత. నెల క్రితం హెన్రీ బేరింగు మార్చాడు. కూత పూర్తిగా పోయింది. ఓంప్రకాశ్ అతని వీపు చరిచి, మిఠాయి డబ్బా చేతిలో పెట్టి వెళ్లాడు.

నాలుగు రోజులకు అతని భార్య స్వర్ణలత ఆటోలో వచ్చింది. వెంట ఆరేళ్ల కూతురు. పాప కుడిచేతికి కొత్తగా పిండికట్టు. మెట్ల మీద పడిందని చెప్పింది. బండి అంత నిశ్శబ్దంగా ఎట్లా అయిందని అడిగింది. హెన్రీ అరిగిన పాత బేరింగు చూపించి వివరించాడు. వెళ్తూ వెళ్తూ ఆమె ఇంకో మాట అడిగి వెళ్లింది.

ఆ వారంలోనే హెన్రీ ఫోన్ చేసి, ఆయిల్ మార్చాలి, లోపల ఒకసారి చూడాలి అని బండి తెప్పించుకున్నాడు. ఒక రోజంతా ఉంచుకున్నాడు. పంపిన సాయంత్రమే కూత మళ్లీ మొదలైంది. బండి చల్లగా ఉన్నంతసేపూ ఉండదు. అరగంట నడిచి వేడెక్కితే వస్తుంది. ఓంప్రకాశ్ ఈ సంగతి తెలిసినవాళ్లందరికీ చెప్పాడు. షెడ్డులో ఉన్న రెండు బండ్లను వాటి ఓనర్లు వచ్చి తీసుకుపోయారు.

“నా కండ్ల ముంగట విప్పు,” అన్నాడు ఓంప్రకాశ్ ఇప్పుడు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. అదే బండిలో బోయిన్‌పల్లిలోని చుట్టాల ఇంటికి బయల్దేరిన స్వర్ణలత, పాప బెంచీ మీద కూర్చున్నారు.

పక్కన సీటు కవర్లు కుట్టే సోమయ్య గాజుముక్కలు ఊడుస్తూ గొంతు తగ్గించాడు.

“ఏం హెన్రన్నా, చెవులు పోయినయా? నాతోని కాదని చెప్పి ఇంకో షెడ్డుకు పంపరాదు?”

“నా చేతి పని. నేనే చేస్తా,” అన్నాడు హెన్రీ.

మధ్యాహ్నానికి గేర్‌బాక్సు కిందికి దిగింది. లోపలి బేరింగు తీసి కిరోసిన్ పళ్లెంలో వేశాడు. కొత్త బేరింగు డబ్బాను ఓంప్రకాశే చించి, తిప్పి చూసి ఇచ్చాడు. దాని గ్రీజు పోవడానికి హెన్రీ దాన్నీ అదే పళ్లెంలో వేశాడు. నల్లటి కిరోసిన్‌లో చేతులు మణికట్ల దాకా మునిగాయి. బేరింగును పైకి తీసి, తుడిచి, బిగించాడు.

అప్పుడే సందులోంచి ఒక పాత జీపు కూస్తూ పోయింది. పిండికట్టు మీద ఎడమచేత్తో చాక్‌పీసు బొమ్మ గీసుకుంటున్న పాప లేచింది. చెప్పులు కాళ్లకు వేసుకోలేదు. చేత్తో పట్టుకుంది. తల్లి కొంగు లాగింది.

“కూసో,” అన్నాడు ఓంప్రకాశ్.

పాప కూర్చుంది. స్వర్ణలత ఆ చెప్పులు తీసి పాప కాళ్లకు తొడిగింది. హెన్రీ తల వంచుకుని ఆయిల్ పోశాడు. ఆయిల్ చిక్కగా, తేనెలా దిగింది.

నాలుగింటికి బండిని సందులో రెండు చుట్లు తిప్పి తెచ్చారు. మూడో గేరులో చప్పుడు లేదు. ఓంప్రకాశ్ దిగి, హెన్రీ కుడిచేతిని పట్టుకుని బల్ల మీద పరిచాడు. సుత్తి ఎత్తి చిటికెనవేలి పక్కన ఒక్కటి వేశాడు. బల్ల చెక్క చీలింది.

“ఈసారి కూత వచ్చిందనుకో, సుత్తి పక్కన పడదు.”

“తెలుసు సార్,” అన్నాడు హెన్రీ.

స్వర్ణలత అతని వైపు చూడలేదు. పాపను ఎక్కించి తానూ ఎక్కింది. బండి మెత్తగా కదిలింది. సోమయ్య సోడా సీసా తెచ్చి చేతిలో పెట్టి, ఇంత మొండితనం ఎందుకని తిడుతూనే ఉన్నాడు.

బండి మలుపు తిరిగాక హెన్రీ పళ్లెం అడుగు నుంచి కొత్త బేరింగును తీసి తుడుస్తూ, ఆ రోజు స్వర్ణలత వెళ్తూ అడిగిన మాటను తలుచుకున్నాడు: “అన్నా, సందు మొగల ఆయన బండి కూత వినపడంగనే పాపను తీస్కపోయి పక్కింట్ల దాచేదాన్ని, ఆ కూతను మళ్లా తెప్పియ్యగలవా?”