బాతమ్మ మూసిన తూము

దగ్గరికి జరగండి నాయనా, శ్రీహరి చల్లగా చూస్తాడు, వినండి!

కాలువ మొదట్లో బాతు వరిమడి, చివర్లో పిచ్చుక వరిమడి. రెండు మడుల తూములకూ కావలి ఉండే ఎండ్రకాయ పంటకోసారి ఇద్దరి దగ్గరా చెరో గంప గింజలు నీటితీరువాగా పుచ్చుకునేది.

"తీరువా కట్టేశాగా!" అంటూ బాతు తూము మూసేదే కాదు. దాని మడి పొర్లిపోతుంటే, పిచ్చుక వరి పొట్ట మీదుండగానే, వెన్ను తీయకముందే ఎండిపోతోంది.

"నా పిల్లలకి గింజ దక్కదు మామా!" అని పిచ్చుక ఏడ్చింది.

ఎండ్రకాయ పద్ధతి మార్చింది. "ఇక గంపలొద్దు. మీ తూము తెరిచి ఉన్నంతసేపూ కాలువలో పూడిక తీయండి."

బాతు రెండు ముద్దల బురద ఎత్తిందో లేదో, "అబ్బ! నా వరికి పాదం మునిగితే చాలు మామా!" అంటూ తూము మూసేసింది.

"నిన్నటిదాకా ఈత కొట్టావు కదే కోడలా!" అని నవ్వింది ఎండ్రకాయ.

నీళ్లు గలగలా చివరిదాకా పారాయి. పిచ్చుక పిల్లలతో సహా పాడుకుంటూ పూడిక తీసింది.

మడి తడవగానే తూము మూయడం, ఆ ఒక్క పనీ గుర్తుంచుకోండి తల్లీ, రేపు మీరూ చేయండి.