కుర్చీలాట తాత

గొడుగు మరిచిపోయి లైబ్రరీకి వెనక్కి వచ్చిన నర్సింగ్ చదివే అమ్మాయికి, తన సీట్లో కుర్చీలాట తాత కూర్చుని కనిపించాడు.

తెర మీద ఆమె మెయిల్ తెరిచి ఉంది. ఆయన చెయ్యి మౌస్ మీద ఉంది.

ఆ పిల్ల గొడవ చెయ్యలేదు. నేరుగా ఇన్‌ఛార్జి బల్ల దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి చెప్పింది.

ఇన్‌ఛార్జి ఆశ్చర్యపోలేదు. ఇలాంటిదేదో బయటపడుతుందనే మూడు నెలలుగా కాచుకుని ఉంది.

లైబ్రరీ మేడ మీద గదిలో పన్నెండు కంప్యూటర్లు. సభ్యత్వం కార్డు ఉంటే ఎవరైనా వచ్చి వాడుకోవచ్చు. గోడ మీది నిబంధనలు ఆవిడ స్వయంగా రాసి అంటించినవే. మనిషికి ఒక గంట. రిజిస్టర్‌లో సంతకం తప్పనిసరి. తినుబండారాలు తేకూడదు. పక్కవాళ్ల తెరలోకి తొంగిచూడకూడదు. లేచేముందు ఎవరి ఖాతా వాళ్లు మూసుకోవాలి.

ఆఖరి దాన్ని ఎవరూ ఖాతరు చేసేవారు కాదు.

ఆ పెద్దాయన మాత్రం వేళకు వచ్చేవాడు, వంకరటింకర సంతకం పెట్టి తలుపు పక్క సీట్లో బొమ్మలు చూస్తూ కూర్చునేవాడు. ఎవరైనా లేచి వెళ్తే చాలు, ఆ సీట్లోకి మారేవాడు. నిమిషం ఉండి మళ్లీ తన చోటికి. ఇంకొకరు లేస్తే అక్కడికి. కుర్రకారు పెట్టిన పేరే కుర్చీలాట తాత.

ఒకసారి ఇన్‌ఛార్జి చప్పుడు కాకుండా వెళ్లి ఆయన వెనక నిలబడింది. ఉలిక్కిపడి లేచిపోయాడు. ఇంతకీ మీకిక్కడ పనేమిటని అడిగితే, ఊరికేనమ్మా అన్నాడు. ఇంటికెళ్లి భర్తకు చెబితే, పాస్‌వర్డ్‌లు కాజేసే బాపతు అయ్యుంటాడు, కనిపెట్టి ఉండమన్నాడు.

ఇప్పుడు చేతికి చిక్కాడు.

"ఆ అమ్మాయి మెయిల్లో మీకేం పని?"

"తెరిచి వదిలేసిందమ్మా. మూసేద్దామని."

"అయితే ఇన్నాళ్లూ అందరివీ మూస్తూనే ఉన్నారా?"

ఆయన తలూపాడు.

"చదివి మూస్తారా, చదవకుండా మూస్తారా?"

పెద్దాయన ముఖం పాలిపోయింది. చుట్టూ ఉన్నవాళ్లను ఒకసారి చూసి తల దించుకున్నాడు.

ఇన్‌ఛార్జికి అంతకంటే రుజువు అక్కర్లేకపోయింది. కార్డు లాగేసుకుని, రిజిస్టర్‌లో ఆయన పేరు కొట్టేసింది.

మెట్ల దాకా వెళ్లినవాడు ఆగాడు.

"మూడో నంబరు సీటమ్మాయి రోజూ మర్చిపోతుందమ్మా. కాస్త చూస్తూ ఉండండి."

పోతూ పోతూ కూడా ఆడపిల్ల ఊసేనా అని ఆవిడకు ఒళ్లు మండిపోయింది.

మూడు వారాలు గడిచాయి.

ఒక మధ్యాహ్నం నర్సింగ్ అమ్మాయి వచ్చి బల్ల ముందు నిలబడింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆమెకు ఒక పెద్ద ఆసుపత్రిలో ఉద్యోగం ఖాయమైంది. కానీ తనకా ఉద్యోగం వద్దని ఆమె మెయిల్ నుంచే వాళ్లకు జవాబు వెళ్లింది. చోటు ఇంకొకరికి ఇచ్చేశారు.

"నేను రాయలేదక్కా. మంగళవారం నేనిక్కడి నుంచి వెళ్లిన ఇరవై నిమిషాలకు వెళ్లింది. నా తర్వాత మూడో నంబరు సీట్లో ఎవరు కూర్చున్నారు?"

ఇన్‌ఛార్జి రిజిస్టర్ తిప్పింది. మంగళవారం మధ్యాహ్నం పద్దెనిమిది సంతకాలున్నాయి. ఎవరు ఏ సీట్లో కూర్చున్నారో రాయలేదు. అనుమానించడానికి ఈసారి తాత కూడా లేడు.

మర్నాడు మెకానిక్‌ను పిలిపించింది. అతను పొద్దంతా ఒక్కో కంప్యూటర్ ముందు కూర్చుని, ఏది ఎప్పుడు తెరిచారో, ఎప్పుడు మూశారో వెతికాడు. జవాబు రాసినదెవరో తేలలేదు. వేరే సంగతి తేలింది.

మూడు వారాల కిందటి దాకా, జనం తెరిచి వదిలేసిన ఖాతాలు రోజుకు పది, పన్నెండు. ప్రతిదాన్నీ ఎవరో నిమిషం తిరక్కుండా మూసేశారు. ఆ నిమిషంలో ఒక్క ఉత్తరమూ తెరిచిన జాడ లేదు. ఆ తర్వాత నుంచి అవి గంటల తరబడి బార్లా తెరిచే ఉన్నాయి.

"మీరు పెట్టిన మనిషి మానేశాడా మేడమ్?" అని అడిగాడు మెకానిక్.

ఆవిడ పెద్దాయన సభ్యత్వం కాగితంలో చిరునామా వెతుక్కుని, ఆ సాయంత్రమే బయల్దేరింది.

తలుపు సగమే తెరుచుకుంది. ముప్పై ఏళ్లామె. ఎవరని అడిగి, లైబ్రరీ పేరు వినగానే ముఖం ముడుచుకుంది.

నాన్న ఇంట్లో లేరంది. ఇప్పుడు రెండు బస్సులు మారి వేరే లైబ్రరీకి వెళ్తున్నారట.

కార్డు తిరిగి ఇవ్వడానికి వచ్చానని, ఆయన్ను మళ్లీ రమ్మనమని చెప్పింది ఇన్‌ఛార్జి. ఎందుకిదంతా చేసేవారని కూడా అడిగింది.

ఆమె ద్వారబంధానికి చెయ్యి ఆనించి నిలబడింది.

"నాలుగేళ్ల కిందట నేనూ ఒకచోట అలాగే మర్చిపోయి లేచానండి. నా పేరుతో నానా రోతా రాసి, తెలిసినవాళ్లందరికీ పంపారు. ఏడాది గడప దాటలేదు నేను. అప్పుడు మొదలుపెట్టారు నాన్న."

ఇన్‌ఛార్జి కార్డు ముందుకు చాపింది. ఆమె అందుకోలేదు.

"ఆయన రారండి. చదివి మూస్తారా అని నలుగురిలో అడిగారట కదా మీరు. నాన్నకు చదవడం రాదు. ఖాతా మూసే మాట ఎలా ఉంటుందో నేను బొమ్మలా గీసిస్తే, చూసి చూసి ఆ ఒక్కటే నేర్చుకున్నారు."