నల్లబడని అద్దం

"కొండలమ్మా, ఆ పెట్టె ముందు నీ మొగుడి పేరెత్తమాక!"

రత్తమ్మ గబుక్కున కొండలమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

కొండలమ్మ గతుక్కుమంది. వలల పాకలో నడిమి గుంజకు ఆ పెట్టె వేలాడుతోంది. నల్లటి పెట్టె. ముందు జల్లెడలాంటి మూతి.

దాన్ని బిగించినవాడు వెంకటసుబ్బారావు. బెజవాడలో రేడియోలు బాగుచేసేవాడట. కాలవ లాకుల దగ్గర గది తీసుకుని, అక్కణ్ణుంచి కాలవగట్టు వెంట గుంజలు పాతి, ఈ సముద్రపు ఒడ్డు పల్లెదాకా తీగ లాక్కొచ్చాడు.

"తుఫాను కబురు లాకుల ఆఫీసుకి ఫోన్లో వస్తుందండీ. అక్కడే ఆగిపోతోంది. ఇకమీదట నేను ఈ తీగ మీద మీకు చెబుతాను," అన్నాడు, అవసరం లేకపోయినా అరుస్తూ. "విన్నాక మీరూ ఈ పెట్టెలో మాట్లాడాలి. మాట్లాడగానే అక్కడ నా గదిలో అద్దం నల్లబడి, మీకు కబురు అందిందని నాకు తెలుస్తుంది. ఆ అద్దంలో ఉన్నది లిక్విడ్ క్రిస్టల్. కరెంటు సోకితే నల్లబడే పదార్థం."

పల్లెవాళ్ళ బుర్రకెక్కింది ఒక్కటే. ఇక్కడ మాట్లాడితే అక్కడ నల్లగా పడుతుంది. అంటే రాత!

అవి ఎమర్జెన్సీ రోజులు. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్లకి మగాళ్ళను జీపుల్లో ఎక్కించుకుపోతున్నారని కంకిపాడు వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పారు. ఆ మాట విన్న రోజే మగాళ్ళంతా పడవలేసుకుని మడ అడవిలోకి పోయి దాక్కున్నారు. కొండలమ్మ మొగుడు నాగులూ వాళ్ళలో ఉన్నాడు. పెళ్ళయి ఏడాది కాలేదు. పట్టుకుపోతే తన ఒళ్ళో బిడ్డ అనేది ఇక ఉండదు. ఆ భయంతో కొండలమ్మకు ముద్ద దిగడం లేదు.

"మాట్లాడేప్పుడు మన నోటివంక ఎట్టా చూస్తాడో చూశావా?" అంది రత్తమ్మ గుసగుసగా. "ఒక్క మాటా జారిపోకుండా పట్టుకుంటున్నాడు."

"తల వంచుకుని చెబితే మళ్ళీ చెప్పమంటాడు."

"గోడలకే చెవులుంటాయంట. పెట్టెకుండవా?"

కొండలమ్మ లేచింది. గోనెసంచి తెచ్చి పెట్టె మూతికి కుక్కింది. పైన చాప చుట్టింది. దాని మీద తడి వల కప్పి తాడుతో బిగించింది.

"ఇక విను చూద్దాం," అంది.

తర్వాత పెట్టె అప్పుడప్పుడూ లోపల్లోపల గొణిగింది. ఎవరూ దగ్గరికి పోలేదు.

ఓ మధ్యాహ్నం గాలి తిరిగింది. సముద్రం రంగు మారింది. గట్టు మీద నుంచి సుబ్బారావు తడిసి ముద్దయి పరుగెత్తుకొచ్చాడు.

"మగవాళ్ళేరి? పిలవండి! పెద్ద తుఫాను వస్తోంది!"

ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తుఫాను పేరు చెప్పి బయటికి లాగుతున్నాడు! అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా?

"లేరండీ. లారీ పనికి హనుమాన్ జంక్షన్ పోయారు," అంది కొండలమ్మ.

"రేవులో పడవల్లేవు. హనుమాన్ జంక్షన్‌కి పడవలేసుకుని పోయారామ్మా?"

కొండలమ్మ ఎంత ఆపుకున్నా ఆమె కళ్ళు మడ వైపు తిరిగాయి. అతనూ అటు చూశాడు.

"మీరంతా కరకట్ట ఎక్కండి!" అంటూ అటు పరుగెత్తాడు.

కొండలమ్మ నెత్తి కొట్టుకుంది. మొగుణ్ణి తన చేతులారా పట్టిచ్చింది.

ప్యాంటు వేసుకున్న మనిషి అరుస్తూ రావడం చూడగానే మడలో మగాళ్ళు హడలిపోయారు. పడవలు వదిలేసి, అవతలి గట్టున పడి, కరకట్ట వైపు ఒకటే పరుగు.

సుబ్బారావు ఆగలేదు. ఇంకా ఎవరైనా ఉన్నారేమోనని లోపలికి నడిచాడు. ఎడమపక్కకి తిరిగాడు.

అటు ఊబి ఉంది.

పోతే పోనీ అనిపించింది కొండలమ్మకు, ఒక్క క్షణం. తర్వాత తన మీద తనకే భయం వేసింది.

"అటు పోమాకండి! ఊబి! ఊబండీ!"

గాలి అటే వీస్తోంది. వినపడనంత దూరం కాదు.

అతను తిరిగి చూడలేదు.

"ఓ బాబూ! నీకే చెప్పేది!"

"ఆడదాని మాట ఆయనకో లెక్కా?" అంది రత్తమ్మ.

ఇంతలో కుండపోతగా వాన. అతను కనపడలేదు. నీళ్ళు వాకిళ్ళలోకి వచ్చేశాయి. ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని కరకట్ట ఎక్కారు.

తెల్లారి చూస్తే పల్లె లేదు. మడలో పడవల్లేవు. మనుషులు మాత్రం అందరూ ఉన్నారు.

"ఆపరేషనోడు తరిమాడు కాబట్టి బతికాం," అని నాగులు నవ్వబోయాడు.

లాకుల తలుపులు ఎత్తి దించే లస్కరు బసవయ్య సుబ్బారావును వెతుక్కుంటూ వచ్చాడు. ఊబి అంచున శవం దొరికింది.

"ఆయన గవర్నమెంటోడు కాదా?" అడిగింది రత్తమ్మ.

"ఏ గవర్నమెంటు? సొంత కొట్టు అమ్ముకుని ఆ తీగ కొన్నాడు," అన్నాడు బసవయ్య. "నిన్న పొద్దుటి నుంచీ మిమ్మల్ని పిలుస్తూనే ఉన్నాడు. అద్దం ఒక్కసారన్నా నల్లబడలా. పల్లెకి కబురు అందలేదు బసవయ్యా అని, నేనొద్దంటున్నా ఆ గాలిలో బయల్దేరాడు."

కొండలమ్మ బావురుమంది.

"నేను గొంతు చించుకుని కేకేశానయ్యా! ఒక్కసారి వెనక్కి తిరిగుంటే బతికేవాడే. ఎందుకు తిరగలేదు?"

బసవయ్య భుజం మీది తువ్వాలు తీసి శవం మొహాన కప్పాడు.

"ఎట్టా తిరుగుతాడమ్మా, జొరమొచ్చి రెండు చెవులూ పోయినోడు... మీ మాట వినలేక, కంటితోనైనా చూద్దామనేగా ఆ అద్దం చేసుకుంది."