నలభై రెండో లైను

"మూడొందల పన్నెండో రిపోర్టు మూసేసింది మీరే గదా?"

కూర్చోమని కూడా అనలేదు హారిక. జవహర్ నిలబడే తడబడ్డాడు.

"అవునండీ. అంటే... ఆ హారిక మీరేనా?"

"ఆ హారికనే."

ఇద్దరిదీ ఒకటే సాఫ్ట్‌వేర్ కంపెనీ. లోపాలు పట్టి రిపోర్టు రాసేది ఆమె, అవి చూసి సరిచేసేది అతను. ఆమె సూర్యాపేటలో, అతను కోదాడలో, ఎవరింట్లోంచి వాళ్లే పని. ఏడాదిగా పేర్లే తప్ప మొహాలు తెలియవు. ఇదివరకు ఎవరొస్తామన్నా వద్దన్న మనిషి, ఈ పేరు వినగానే రమ్మనమంది. రెండు రోజులుగా పళ్లు నూరుతూనే ఉంది.

"ప్రోగ్రాంల పెద్ద లైను పట్టక కిందికి మడతపడితే, మన సాఫ్ట్‌వేర్ దాన్ని రెండు లైన్లుగ లెక్కపెడ్తది. ఇగ కిందియన్నీ ఒకటి జరుగుతయ్. తప్పు నలభై ఒకటో లైన్ల ఉంటే నలభై రెండంటది. మిర్యాలగూడ కాలేజీ పిల్లలు పరీక్షల మంచిగున్న లైన్ పట్టుకొని గంటసేపు కొట్టుకున్నరు. నేను రాస్తే మీరేమన్నరు?"

"మీ స్క్రీన్ చిన్నదై ఉంటుంది, లోపం కాదు అన్నాను."

"సూశిండ్రా అసలు?"

"చాలా వస్తాయండీ రోజూ..."

"సూడలే! మూడుసార్లు తెరిస్తే మూడుసార్లు మూసిండ్రు. గుడ్డెద్దు చేన్ల వడ్డట్టు మూసుడేనా? పనికిరాని రిపోర్టులు పెడ్తదని పైవాళ్లు నన్నంటున్నరు. సోమవారం నా ఉద్యోగం ఉంటదో ఊడ్తదో! మీకేం, ఒక్క బటన్."

కోపంలో ఏడుపొస్తున్నందుకు ఇంకా కోపమొచ్చింది.

"కొంచెం నెమ్మదిగా అండీ. బయట పెద్దవాళ్లున్నారు."

"విననియ్యుండ్రి!"

లాప్‌టాప్ అతని ముందుకు తోసింది. జవహర్ పైన పెద్ద లైనొకటి కొట్టి, నలభై ఒకటో లైన్లో కావాలనే ఒక తప్పు పెట్టాడు. నలభై రెండని వచ్చింది. చెరిపి మళ్లీ చేశాడు. మళ్లీ అదే. ఇస్త్రీ మడత పోని చొక్కా వీపున తడిసిపోయింది.

"తప్పు నాదేనండీ."

"నాకు చెప్తే ఏం లాభం? గాడ, రిపోర్టుల రాయుండ్రి."

రాశాడు. చూడకుండానే మూశాను, హారిక గారు చెప్పిందే నిజం అని, పైవాళ్లందరికీ కనిపించేలా, కింద తన పేరు పెట్టి మరీ రాశాడు. ఆమె అక్షరం అక్షరం చదివింది. అప్పుడు గానీ బల్ల మీది చాయ్ గుర్తు రాలేదు. కప్పు అతని వైపు జరిపింది.

"కూసోండ్రి. సల్లారింది, ఏమనుకోకుండ్రి."

మాట్లాడుకోమని పెద్దవాళ్లు ఇచ్చిన పది నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి. ఇక ఓపిక పట్టలేక తల్లి సుగుణమ్మ తలుపు సందులోంచి తొంగి చూసింది.

"బిడ్డా, పిలగాడు నచ్చిండా?"