రూపాయి బిళ్ల చప్పుడు

విమానాలు తమ దెబ్బలు తామే మాన్పుకోవడం మొదలై పదేళ్లయింది. శంషాబాద్ హ్యాంగర్‌లో మెకానిక్ సువార్తకు మిగిలిన పని, రెక్క కింద నిలబడి తెరమీద వేలిముద్ర వేయడమే.

జేబులో మాత్రం పాత రూపాయి బిళ్ల ఉంచుకుంది. ఒకప్పుడు దానితో రెక్కను అంగుళం అంగుళం కొట్టి వినేది. గట్టిగా ఉన్నచోట టంగుమనేది. లోపల పొర విడిచినచోట బోలుగా డబ్బుమనేది. అలాంటి చోటు దొరికిన రోజు హ్యాంగరంతా ఆమె చుట్టూ మూగేది. మూడొందల ప్రాణాలు ఆమె చెవి మీద ఆధారపడేవి.

ఇవాళ కూడా అందరి కన్నుగప్పి రెక్కంతా కొట్టి చూసింది. ఎక్కడ కొట్టినా టంగుమనే మోగింది.

ఇంటికొచ్చి అన్నం పొయ్యిమీద పెట్టి, ఊరికే వంటింటి గోడ టైల్స్‌ని బిళ్లతో కొట్టసాగింది.

"ఏందే ఆ టకటక?" అన్నాడు భర్త దేవదానం.

అప్పుడే ఒక టైలు డబ్బుమంది. సువార్త చెవి ఆనించి మళ్లీ కొట్టింది. అదే చప్పుడు.

"ఇగో, వినయ్యా! లోపల విడిచింది!"

"అయితేంది? తెల్లారేసరికి ఇల్లే అతికించుకుంటది."

ఆమె ఆ టైలు మీద అరచెయ్యి పెట్టింది.

"వద్దని చెప్పయ్యా ఇంటికి. ఈ ఒక్కటి నాకు ఉంచుమను."