ఉప్పు పందెం

ఏలూరు ఆసుపత్రి మంచం మీద భావన కట్టు కట్టిన చేతిని గొప్పగా పైకెత్తి చూపించింది.

"తొడ మీది చర్మం తీసి ఇక్కడ అతుకుతారటే. అయినా నిన్ను ఓడించేశాను."

చూడటానికొచ్చిన లిఖిత ఫోనులోంచి తలెత్తలేదు. పందెమేమిటంటే, చేతిమీద ఉప్పు చల్లుకుని, ఐసుముక్క అదిమి, ఆ రెండూ కలిసి చర్మాన్ని నిప్పులా కాలుస్తుంటే నవ్వుతూ ఎంతసేపు ఓర్చుకుంటే అంత గొప్ప. ఆ రీలు ముందు పెట్టింది లిఖితే. అది చూశాకే భావన తన నాన్న రొయ్యల పెట్టెలోంచి ఐసు తీసి తనూ రీలు చేసింది.

"నీ రీలు కన్నా నాదే ఎక్కువమంది చూశారు. నువ్వు నవ్వావు కదాని నేనూ పంటిబిగువున నవ్వాను. నీకసలు మంటే పుట్టలేదా?"

లిఖిత మొహం ముడుచుకుంది. మెల్లగా అంది.

"నేను చల్లుకున్నది ఉప్పు కాదే. పంచదార."

ఎత్తిన చెయ్యి నెమ్మదిగా ఒళ్లోకి దిగింది. ఇన్నాళ్లూ ఓర్చుకున్న మంట అప్పుడే మొదలైనట్టు భావన పెదవి కొరుక్కుంది.

ఇంతలో భావన వాళ్లమ్మ ఫ్లాస్కులో టీ తెచ్చి లిఖితకి గ్లాసు అందించింది.

"కలిదిండి నుంచి ఇంతదూరం వచ్చావు. స్నేహితురాలంటే నువ్వేనమ్మా. పంచదార సరిపోయిందా?"

లిఖిత ఒక గుక్క తాగి భావన వైపు చూసి నవ్వింది. రీలులో నవ్విన నవ్వే.

"సరిపోయింది ఆంటీ."